సీసం కూర్చున్న చోట ఇనుము

అమెరికాలో ఆరిజోనా ఎడారి మధ్య క్వార్ట్‌జ్‌సైట్ అని ఒక చిన్న ఊరుంది. ఎండాకాలం అక్కడ జనం పల్చగా ఉంటారు. చలికాలం వచ్చిందంటే ఉత్తరాది మంచు తప్పించుకోవడానికి ఆర్వీలు వేలకు వేలు వచ్చి ఊరి చుట్టూ ఉన్న ప్రభుత్వ భూముల్లో దిగుతాయి. ఆర్వీ అంటే మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది అన్నీ అమర్చిన బండి. అమెరికాలో ఉంటున్న మన పిల్లలు సెలవులకు అద్దెకు తీసుకుని యెల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో వెళ్లొచ్చేది ఇలాంటి వాటిలోనే. ఎడారిలో కరెంటు స్తంభం ఉండదు. అందుకే ఏళ్ల తరబడి అక్కడ సాయంత్రమయ్యేసరికి ముందుగా వినబడేది జనరేటర్ల మోత. పగలంతా వాడిన బ్యాటరీని పడుకునేలోగా మళ్లీ నింపుకోవాలి. తీరానికి ఎడంగా లంగరు వేసుకున్న తెరచాప పడవల వాళ్లదీ ఇదే అవస్థ. ఎక్కడికీ కదిలే పని లేకపోయినా, ఫ్రిజ్ నడవడం కోసం రోజుకు గంటో రెండు గంటలో డీజిల్ ఇంజన్ తిప్పేవారు.

ఆ మోత ఇప్పుడు బాగా తగ్గింది. కారణం లిథియం బ్యాటరీ అని, అది తేలిగ్గా ఉంటుందని, ఎక్కువకాలం మన్నుతుందని అందరూ చెబుతారు. రెండూ నిజమే. అయితే ఈ బండ్లలోకి, పడవల్లోకి వచ్చింది మన ఫోన్లలో ఉండే లిథియం రకం కాదు. లిథియం కుటుంబంలో బరువెక్కువ, పట్టే శక్తి తక్కువ అనిపించుకున్న రకం, ఇనుముతో చేసినది వచ్చింది. నూరేళ్లకు పైగా సీసం ఏలిన చోట అది కుదురుకోవడానికి ప్రధాన కారణం, సీసం కోసం కట్టిన ఏర్పాటులో అది ఇంచుమించు సరిగ్గా ఇమిడిపోవడం. ఆ ఇమడటం వెనక ఉన్న రసాయనం తెలిసిన కొద్దీ నాకు ముచ్చటేస్తుంది.

ముందు సీసం సంగతి. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే అనే భౌతిక శాస్త్రవేత్త రెండు సీసపు రేకులను ఒకదానికొకటి తగలకుండా చుట్టగా చుట్టి సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ముంచాడు. అప్పటిదాకా బ్యాటరీ అయిపోయిందంటే అయిపోయినట్టే. మళ్లీ మళ్లీ నింపుకుని వాడుకోగలిగిన మొదటి బ్యాటరీ ఇదే. 1881లో కమీల్ ఫోర్ సీసపు పలకల మీద సీసం ఆక్సైడు ముద్దను పూసే పద్ధతి కనిపెట్టాక దీన్ని ఫ్యాక్టరీల్లో చేయడం సులువైంది. 1912లో కాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చింది. ముందుకెళ్లి హ్యాండిల్ తిప్పే బాధ పోయింది, కారుకో సీసం బ్యాటరీ తప్పనిసరి అయింది.

సీసం సెల్ ఒక్కొక్కటీ సుమారు 2 వోల్టులు ఇస్తుంది. అమెరికా కార్లు 1950ల నడిమికల్లా ఆరు వోల్టులు వదిలి పన్నెండుకు మారాయి, అంటే పెట్టెకు ఆరు సెల్స్. ఆర్వీలూ పడవలూ ఆ పన్నెండునే పట్టుకున్నాయి. దీపాలు, నీళ్ల పంపు, ఫ్యాను, రేడియో, ఫ్రిజ్, పడవ అడుగున చేరిన నీళ్లు తోడే మోటారు, వాటిని నడిపే తీగలు, ఫ్యూజులు, ఛార్జర్లు అన్నీ ఆ కొలతకే తయారయ్యాయి. ఈ పన్నెండు సంగతి కథలో మళ్లీ వస్తుంది.

ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీకి, లోపల ఇల్లు నడిపే బ్యాటరీకి పని వేరు. మొదటిది కొన్ని సెకన్ల పాటు పెద్ద కరెంటు ఇచ్చి వెంటనే మళ్లీ నిండిపోతుంది, దానికి పలచటి ప్లేట్లు చాలు. రెండోది గంటల తరబడి కొంచెం కొంచెంగా ఇస్తూ దిగిపోతుంది, దానికి మందమైన ప్లేట్లు కావాలి. ఆర్వీల వాళ్లు ఈ రెండోదాన్ని హౌస్ బ్యాటరీ అంటారు. చాలామంది గోల్ఫ్ బండ్లకు వాడే ఆరు వోల్టుల బరువైన బ్యాటరీలు రెండు కలిపి సరిపెట్టుకునేవారు.

సీసం బ్యాటరీ కరెంటు ఇస్తున్నప్పుడు రెండు వైపుల ప్లేట్ల మీదా లెడ్ సల్ఫేటు చేరుతుంది, యాసిడ్ పలచబడుతుంది. మళ్లీ ఛార్జ్ చేస్తే సల్ఫేటు కరిగి సీసం, యాసిడ్ యథాస్థితికి వస్తాయి. ఇది వెంటనే, పూర్తిగా జరగాలి. బ్యాటరీని సగం నిండిన స్థితిలో రోజుల తరబడి వదిలేస్తే ఆ సల్ఫేటు పళ్లకు గార పట్టినట్టు గట్టిపడి ఇక కరగదు. ఆ మేరకు ప్లేటు చచ్చినట్టే. సగం కంటే కిందికి దించితే ఆయుష్షు ఇంకా తొందరగా తరిగిపోతుంది. అందుకే యాభై శాతం దాటి వాడకూడదని పడవల వాళ్లూ ఆర్వీల వాళ్లూ ఒకరికొకరు చెప్పుకునేవారు.

కింది సగం ఇలా పోతే, పై భాగంతో ఇంకో తంటా. సీసం బ్యాటరీ ఎనభై శాతం దాకా చకచకా నిండుతుంది. అక్కడినుంచి దానంతటదే కరెంటు తీసుకోవడం తగ్గించేస్తుంది. చివరి ఇరవై శాతానికి గంటలకు గంటలు పడుతుంది. లంగరు వేసిన పడవలో ఒక గంట ఇంజన్ తిప్పితే బ్యాటరీ ఎనభై, ఎనభై అయిదు దగ్గర ఆగిపోతుంది. పైన మిగిలిన కాస్త కోసం నాలుగైదు గంటలు డీజిల్ ఎవరు తగలేస్తారు? లెక్క వేసి చూడండి. 400 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలు, సుమారు 115 కిలోల బరువు, పడవ అడుగున ఉన్నాయి. కింది సగం ముట్టుకోకూడదు, పై పదిహేను శాతం అందదు. చేతికొచ్చేది 140 ఏహెచ్. పైగా ఎప్పుడూ పూర్తిగా నిండకపోవడం వల్ల ఏటికేడాది అదీ తగ్గిపోతుంది.

మన ఇళ్లలో ఇన్వర్టర్ కింద ఉండే ట్యూబ్యులర్ బ్యాటరీ కూడా ఈ జాతిదే. అది ఏళ్ల పాటు మన్నుతుంది. కరెంటు పోయిన గంట పని చేసి, కరెంటు వచ్చాక రోజంతా తీరిగ్గా నిండుతుంది కాబట్టి. సీసానికి కావలసింది ఆ తీరికే. ఎండ ఉన్నంతసేపే నిండే సోలార్ పలక మీద, రోజుకు గంట తిరిగే ఇంజన్ మీద బతికే బండికి, పడవకు ఆ తీరిక ఉండదు. సీసం బ్యాటరీని చెడ్డదనడం అన్యాయం, దానికి సరిపడని బతుకులోకి దాన్ని తెచ్చి పెట్టారు.

దాని చాకిరీ మనకు తెలిసిందే. మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోయడం, హైడ్రోమీటర్‌తో యాసిడ్ చూడటం, ఛార్జింగ్‌లో వచ్చే హైడ్రోజన్ బయటికి పోయేలా గాలి దారి ఉంచడం. పడుకునే మంచం కింద, ఊగే పడవలో ఇది ఇంకా కష్టం. 1957లో జర్మనీలో సోనెన్‌షైన్ కంపెనీ యాసిడ్‌ను జెల్‌గా మార్చిన బ్యాటరీ తెచ్చింది. 1970లలో అమెరికాలో గేట్స్ రబ్బర్ కంపెనీ యాసిడ్‌ను గాజు పీచు చాపలో పీల్చి ఉంచే రకం తెచ్చింది, దాన్నే ఇప్పుడు ఏజీఎం అంటున్నారు. ఒలకడం, నీళ్లు పోయడం తప్పాయి. లోపల సీసం సీసమే కాబట్టి రోజూ పూర్తిగా నిండాలన్న పట్టు మాత్రం అలాగే ఉండిపోయింది.

లిథియం కథ ఇదంతా జరుగుతుండగా ఇంకోచోట మొదలైంది. 1970లలో చమురు కంపెనీ ఎక్సాన్ పరిశోధనశాలలో స్టాన్లీ విటింగ్‌హమ్ టైటానియం డైసల్ఫైడుతో లిథియం బ్యాటరీ చేశాడు. అందులోని లిథియం లోహం ఛార్జింగ్‌లో ముళ్లుగా పెరిగి మంటలకు దారితీసింది. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడ్‌ఇనఫ్ బృందం లిథియం కోబాల్ట్ ఆక్సైడును చూపించింది. 1985లో జపాన్‌లో అకీరా యోషినో లిథియం లోహానికి బదులు కర్బన పదార్థం వాడాడు. 1991లో సోనీ దాన్ని అమ్మకానికి తెచ్చింది. క్యామ్‌కార్డర్లు, ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు అన్నీ దాని మీదే నడిచాయి.

ఆర్వీలోకి, పడవలోకి అది రాలేదు. ధర ఒక్కటే కారణమైతే కొందరు డబ్బున్న పడవల వాళ్లయినా పెట్టుకునేవారు. కోబాల్ట్ సెల్ 3.6, 3.7 వోల్టులు ఇస్తుంది. మూడు కలిపితే పదకొండు చిల్లర, నాలుగు కలిపితే దాదాపు పదిహేను. పన్నెండు వోల్టుల ఇంటికి ఒకటి చాలదు, ఇంకోటి ఎక్కువ. అంతకంటే పెద్ద చిక్కు వేడి. కోబాల్ట్ ఆక్సైడు బాగా వేడెక్కితే విడిపోయి తనలోని ఆక్సిజన్‌ను వదులుతుంది. సెల్ లోపల మండే ద్రవం ఎలాగూ ఉంది, ఆక్సిజన్ కూడా తోడైతే ఆర్పడం ఎవరి తరం? 2013 జనవరిలో రెండు బోయింగ్ 787 విమానాల్లో బ్యాటరీలు కాలిపోయి, ఆ రకం విమానాలన్నీ నేల మీద నిలిచిపోయాయి. వాటిలో ఉన్నది కోబాల్ట్ రకమే. నడిసముద్రంలో ఉన్నవాడికి మునిగిపోవడం కంటే నిప్పంటే భయం ఎక్కువ, ఎందుకంటే దిగి పారిపోయే చోటుండదు.

ఈ రెండు చిక్కులనూ ఒకే దెబ్బతో తీర్చిన పదార్థం అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో, ఆస్టిన్‌లో పుట్టింది. గుడ్‌ఇనఫ్ 1986లో అక్కడికి మారాడు. ఆయనతో పాటు పనిచేసిన వారిలో తమిళనాడులోని ఒక పల్లెటూరి నుంచి వచ్చిన అరుముగం మంథిరం ఉన్నాడు. ఇనుము చవక, ఎక్కడ చూసినా దొరుకుతుంది, విషం కాదు. మరి బ్యాటరీలో ఎందుకు వాడరు? ఇనుము ఆక్సైడుతో చేస్తే వోల్టేజీ రెండున్నర కూడా రాదు. 1980ల చివర్లో మంథిరం, గుడ్‌ఇనఫ్ కలిసి ఆక్సిజన్‌ను ఒంటరిగా ఉంచకుండా గంధకంతో ముడిపెట్టిన ఇనుము సల్ఫేటును పరీక్షించారు. వోల్టేజీ 3.6కు ఎగబాకింది. ఇనుము అదే, లిథియం అదే. గంధకం ఆక్సిజన్‌ను గట్టిగా తన వైపు లాక్కోవడంతో ఇనుముకు, ఆక్సిజన్‌కు మధ్య పట్టు సడలింది, దాంతో ఇనుము ఎలక్ట్రాన్‌ను మరింత బలంగా కోరుకుంటుంది. వోల్టేజీ అంటే ఆ కోరిక బలమే.

ఆ దారిలో ఆస్టిన్‌లోనే భారతీయ పరిశోధకులు అక్షయ పాఢి, నంజుండస్వామి గంధకం స్థానంలో భాస్వరం పెట్టి చూశారు. గుడ్‌ఇనఫ్ ఆశించింది స్పినెల్ అనే స్ఫటిక నిర్మాణాన్ని. పాఢి చేసిన ఇనుము ఫాస్ఫేటు ఆ రూపంలోకి రాలేదని, ఆలివిన్ అనే ఇంకో రూపంలో వచ్చిందని, అయినా అందులోంచి లిథియం బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్తోందని ఆ ప్రయోగశాల కథ చెబుతారు. కొత్తగా పుట్టించిన పదార్థం కూడా కాదిది. ట్రిఫిలైట్ అనే పేరుతో ప్రకృతిలో రాయిగా దొరుకుతుంది. 1997లో పాఢి, నంజుండస్వామి, గుడ్‌ఇనఫ్‌ల పేర్లతో వ్యాసం అచ్చయింది. ఇప్పుడు అందరూ ఎల్ఎఫ్‌పీ అంటున్నది దాన్నే.

అందులో భాస్వరానికీ ఆక్సిజన్‌కూ మధ్య ఉన్న బంధం చాలా గట్టిది. ఆ ఒక్క బంధం రెండు పనులు చేసింది. కోబాల్ట్ రకం వదిలేసే వేడిలోనూ ఆక్సిజన్‌ను విడవకుండా పట్టుకుంది. ఇనుము వోల్టేజీని 3.4 దాకా లేపింది. ఎదురు ప్లేటుగా గ్రాఫైట్ పెట్టి సెల్ కడితే 3.2 వస్తుంది. నాలుగు కలపండి: 12.8. పూర్తిగా నింపడానికి పద్నాలుగున్నర లోపే చాలు. సీసం బ్యాటరీని నింపడానికి ఇంజన్‌తో తిరిగే ఆల్టర్నేటర్లు, ఛార్జర్లు ఇచ్చేదీ ఇంచుమించు అంతే. పడవల గురించి ఆస్టిన్‌లో ఎవరూ ఆలోచించి ఉండరు. అయినా ఆరు సీసం సెల్స్ ఉన్న చోట నాలుగు ఇనుము సెల్స్ కూర్చుంటే లోపలి దీపాలకు, పంపులకు తేడా తెలియదు. ఈ నాలుగు మూళ్ల పన్నెండు ఇంత చక్కగా కుదరకపోయి ఉంటే, ప్రతి బండిలో తీగల నుంచి ఫ్రిజ్ దాకా మార్చాల్సి వచ్చేది, అంత ఖర్చు పెట్టేవాళ్లు కొద్దిమందే ఉండేవారు.

1997 నాటి ఎల్ఎఫ్‌పీ పొడికి ఒక పెద్ద లోపం ఉంది: కరెంటును చాలా తక్కువగా పోనిస్తుంది. ఆ వ్యాసమే దీన్ని తక్కువ శక్తి చాలే పనులకు పనికొస్తుందని చెప్పింది. కెనడాలో మిషెల్ ఆర్మాండ్‌తో పాటు మాంట్రియాల్ విశ్వవిద్యాలయం, హైడ్రో క్యుబెక్ సంస్థల పరిశోధకులు ఆ రేణువుల మీద కర్బనం పొరను పూయడంతో దారి తెరుచుకుంది. 2002లో ఎంఐటీ ఆచార్యుడు యెట్ మింగ్ చియాంగ్ బృందం అందులో వేరే లోహాలను కొద్దిగా కలిపితే కరెంటు బాగా పోతుందని ప్రకటించింది. ఆయన భాగస్వామిగా పుట్టిన ఏ123 సిస్టమ్స్ చేసిన సెల్స్ డివాల్ట్ డ్రిల్ యంత్రాల్లోకి వెళ్లాయి. ఆ కంపెనీ 2012లో దివాలా తీసింది, చైనాకు చెందిన వాన్‌షియాంగ్ దాన్ని కొనుక్కుంది.

సరుకు పెద్దఎత్తున తయారైంది చైనాలో. బస్సులకు, కార్లకు ఎల్ఎఫ్‌పీ వాడాలని బీవైడీ వంటి కంపెనీలు పట్టుబట్టాయి. ఇటుకల పరిమాణంలో పెద్ద సెల్స్ రావడం మొదలైంది. థండర్ స్కై కంపెనీ పసుపు ప్లాస్టిక్ డబ్బాల సెల్స్‌ను సముద్రయానం చేసే పడవల వాళ్లు తొలి రోజుల్లోనే గుర్తుపట్టారు. నాలుగు తెచ్చి, రాగి పట్టీలతో కలిపి, చుట్టూ చట్రం బిగించి, పాత బ్యాటరీ చోట పెట్టారు. వాళ్ల ధైర్యానికి నేను నమస్కరిస్తాను. దారి చూపే నియమావళి గాని, హామీ ఇచ్చే దుకాణం గాని వాళ్లకు లేదు. తెలిసింది ఒకరికొకరు చెప్పుకుంటూ నేర్చుకున్నారు.

అలా పెట్టుకున్నవాళ్ల రోజు మారిపోయింది. 200 ఏహెచ్ ఎల్ఎఫ్‌పీ బరువు పాతిక కిలోలకు కాస్త అటూ ఇటూ. అందులోంచి 140 కాదు, 160 తీసినా దానికి లెక్కలేదు. ఇచ్చిన కరెంటు దాదాపు చివరిదాకా అదే వేగంతో తీసుకుంటుంది, గంట ఇంజన్ తిప్పితే ఆ గంట వృథా పోదు. సగం నిండి ఉంటే దానికి నష్టం లేదు, నిజానికి ఎప్పుడూ పూర్తిగా నిండి ఉండటమే దానికి అంత మంచిది కాదు. మబ్బు పట్టి సోలార్ పలక సగమే ఇచ్చిన రోజున కంగారు పడక్కర్లేదు. సీసం ఏ బతుకును ఓర్చుకోలేకపోయిందో, ఇనుముకు ఆ బతుకే హాయి.

ఇంకో మార్పు వంటింట్లో కనబడింది. సీసం బ్యాటరీ మీద రాసిన 100 ఏహెచ్ అంటే అయిదు ఆంపియర్ల చొప్పున ఇరవై గంటలు లాగితే వచ్చే లెక్క. వేగంగా లాగితే అంత రాదని 1897లోనే జర్మన్ శాస్త్రవేత్త పాయ్‌కెర్ట్ సూత్రం రాశాడు. 1800 వాట్ల ఇండక్షన్ పొయ్యి పన్నెండు వోల్టుల మీద 150 ఆంపియర్లకు పైగా లాగుతుంది. సీసం అయితే వోల్టేజీ ధడాలున పడిపోయి ఇన్వర్టర్ కీచుమంటుంది. ఎల్ఎఫ్‌పీ ఆ లోడులోనూ పన్నెండు దాటే నిలబడుతుంది. గ్యాస్ సిలిండర్ వద్దనుకున్న పడవల వాళ్లకు, నిప్పు విషయంలో ఇది పెద్ద నిశ్చింత.

కష్టాలూ వచ్చాయి, అవి ఎక్కువగా సీసం అలవాటు వల్ల వచ్చినవే. సీసం బ్యాటరీ నిండే కొద్దీ కరెంటు తగ్గించుకుంటుంది కాబట్టి ఆల్టర్నేటర్‌కు మధ్యలో విశ్రాంతి దొరికేది. లిథియం విశ్రాంతి ఇవ్వదు. లంగరు దగ్గర ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంటే ఆల్టర్నేటర్ ఫ్యాను కూడా నెమ్మదిగానే తిరుగుతుంది, లోపలి చుట్లు కాలిపోయేవి. ఇంకొకటి, ప్రతి లిథియం బ్యాటరీకీ కాపలాగా ఉండే బీఎంఎస్ సర్క్యూట్. ఏదైనా సెల్ హద్దు దాటితే అది బ్యాటరీని ఠక్కున విడదీస్తుంది. అప్పటికి పూర్తి కరెంటు ఇస్తున్న ఆల్టర్నేటర్‌కు పోయే దారి లేక వోల్టేజీ ఎగిసి, డయోడ్లు, ఒక్కోసారి పడవలోని రేడియోలూ పోతాయి. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే గ్రాఫైట్ మీద లిథియం లోహం పేరుకుని సెల్ పాడవుతుంది, మంచు ప్రాంతాల ఆర్వీల వాళ్లు దీన్ని ఖర్చుతో నేర్చుకున్నారు. వోల్టు మీటరు చూసి ఎంత మిగిలిందో చెప్పడమూ కుదరదు. సీసం నిండా ఉంటే 12.7, సగంలో 12.2 దగ్గర చూపిస్తుంది. ఎల్ఎఫ్‌పీ చాలాసేపు 13.2 దగ్గరే కదలకుండా ఉండి చివర్లో ఒక్కసారిగా జారుతుంది. అందుకే తీగలో షంట్ పెట్టి, వెళ్లిన ఆంపియర్లు, వచ్చిన ఆంపియర్లు లెక్కపెట్టే మీటరు తప్పనిసరి అయింది.

పాతది తీసి కొత్తది పెట్టేస్తే చాలని అమ్మేవాళ్లు చెప్పే మాట అందుకే సగం నిజం. పెట్టె కొలత సరిపోతుంది, వోల్టేజీ సరిపోతుంది, చుట్టూ ఉన్న ఛార్జింగ్ ఏర్పాటును మాత్రం ఒకసారి చూసుకోవాలి. అమెరికాలో పడవల నిర్మాణ ప్రమాణాలు రాసే అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ 2022లో లిథియం బ్యాటరీలకు ప్రత్యేకంగా ఈ13 అనే ప్రమాణాన్ని తెచ్చింది. బీఎంఎస్ బ్యాటరీని విడదీసే ముందు పడవ నడిపేవాడికి హెచ్చరిక అందాలన్నది అందులో ముఖ్యమైన మాట. ఇరుకు రేవులోకి పడవ వస్తుండగా చెప్పకుండా దీపాలు, దారి చూపే పరికరాలు ఆరిపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఈ ఇనుము సెల్‌కు దారి చూపిన గుడ్‌ఇనఫ్‌కు 2019లో విటింగ్‌హమ్, యోషినోలతో కలిపి నోబెల్ వచ్చింది. అప్పటికి ఆయన వయసు 97, నోబెల్ అందుకున్న వారందరిలోకీ పెద్దవాడు. స్టాక్‌హోమ్‌లో ఆయన తరఫున ఉపన్యాసం ఇచ్చింది మంథిరం. గుడ్‌ఇనఫ్ బృందం చూపిన ఇనుము ఫాస్ఫేటు మీద ఇవాళ హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ సంస్థ పరిశోధనలు చేస్తోంది. తిరుపతి దగ్గర కరకంబాడిలో సీసం బ్యాటరీలతో పేరు తెచ్చుకున్న అమరరాజా, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం సెల్స్ ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన చేసింది. సీసం ఇంటివాళ్లే లిథియం వైపు నడవడం నాకు ఈ కథలో చాలా నచ్చిన భాగం.

పడవల్లో, ఆర్వీల్లో ఆచరణలో కుదిరిన పద్ధతి ఇప్పుడు దాదాపు ఒకటే. ఇంజన్ స్టార్ట్ చేయడానికి పాత సీసం బ్యాటరీ ఉంటుంది. ఆల్టర్నేటర్ తీగ నేరుగా దానికే వెళ్తుంది. అక్కడినుంచి డీసీ టు డీసీ ఛార్జర్ ఒకటి, ఆల్టర్నేటర్ తట్టుకోగలిగినంత కరెంటునే లిథియం హౌస్ బ్యాటరీకి పంపుతుంది. బీఎంఎస్ ఎప్పుడైనా లిథియంను విడదీసినా ఆల్టర్నేటర్‌కు సీసం తోడుంటుంది, వోల్టేజీ ఎగరదు. గడ్డకట్టే చలిలో ఇంజన్‌ను ఒక్క ఊపులో తిప్పే పనికి ఇప్పటికీ చవగ్గా దొరికేది సీసమే. ఏడాదికి రెండు వారాంతాలు రేవులోంచి బయటికి తీసి, మిగతా రోజులన్నీ రేవు కరెంటుకు తగిలించి ఉంచే పడవైతే, హౌస్ బ్యాటరీ కూడా సీసానిదే ఉంచుకోమని నేను చెబుతాను. దానికి అక్కడ రోజంతా తీరిగ్గా నిండే వీలుంది.